రిపోర్టులన్నీ నార్మల్, అయినా ప్రతి నెలా అదే తలనొప్పి

పీరియడ్స్‌కి ముందు రోజో, మొదలైన రోజో తల పగిలిపోయేంత నొప్పి వస్తోందని చెబితే మన దగ్గర తర్వాత జరిగేది దాదాపు ఒకటే. హార్మోన్ టెస్టులు రాస్తారు, లేదంటే మనమే యాప్‌లో ప్యాకేజీ బుక్ చేసుకుంటాం, పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తారు, సాయంత్రానికి రిపోర్టు ఫోన్‌లోకి వచ్చేస్తుంది. అన్నీ నార్మల్. ఇక అక్కడి నుంచి "హార్మోన్లు బాగానే ఉన్నాయి, నువ్వే ఎక్కువ టెన్షన్ పడుతున్నావు" అనే మాట మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు అంటారు, ఆఫీసులో అంటారు, కొన్నాళ్లకి మనమూ నమ్మేస్తాం. ఆ మాట తప్పని వివరంగా చెప్పాలనే ఇది రాస్తున్నాను. రిపోర్టు నార్మల్‌గా ఉండొచ్చు, నొప్పి హార్మోన్ల వల్లే రావొచ్చు. చాలామంది ఆడవాళ్ల విషయంలో ఈ రెండూ నిజమే.

ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ నెల మొత్తం ఒకే స్థాయిలో ఉండదు. పీరియడ్ అయిపోయాక మెల్లగా పెరుగుతుంది, అండం విడుదలయ్యే ముందు బాగా ఎక్కువై ఒకసారి తగ్గుతుంది, మళ్లీ పెరిగి కొన్ని రోజులు నిలకడగా ఉంటుంది, ఆ తర్వాత పీరియడ్‌కి ముందు రెండు మూడు రోజుల్లో గబగబా దిగిపోతుంది. ఈ దిగడం ప్రతి ఆడమనిషిలోనూ జరిగేదే, అది జబ్బు కాదు, అందుకే ఏ రోజు రక్తం తీసినా ఆ రోజుకి ఉండాల్సినంతే ఉందని రిపోర్టు చెబుతుంది. తేడా మెదడులో ఉంది. నెలనెలా వచ్చే ఈ నొప్పి చాలామందిలో మైగ్రేన్, అంటే వికారంతో కలిసి మళ్లీ మళ్లీ వచ్చే గట్టి తలనొప్పి. మైగ్రేన్ తత్వం ఉన్న మెదడుకి (ఇది ఎక్కువగా కుటుంబంలో వస్తుంది, అమ్మకో అమ్మమ్మకో ఉండి ఉండొచ్చు) ఆ దిగుడు తట్టుకోవడం కష్టం. ఈస్ట్రోజన్ తగ్గినప్పుడు మెదడులో సంకేతాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం పనితీరు మారుతుంది, ముఖానికీ తలకీ స్పర్శ, నొప్పి తెలియజేసే ట్రైజెమినల్ నరం సులభంగా రేగుతుంది, ఆ నరం చివర్ల నుంచి సీజీఆర్‌పీ అనే పదార్థం విడుదలై మెదడు పొరల్లోని రక్తనాళాల చుట్టూ నొప్పిని రాజేస్తుంది. దీనికి తోడు బ్లీడింగ్ మొదలయ్యే సమయంలో గర్భాశయం పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. కడుపులో మెలిపెట్టే నొప్పికి కారణం అవే, కొందరిలో తలనొప్పికీ వికారానికీ అవే కారణం. అందుకే కడుపునొప్పి, బ్లీడింగ్ రెండూ ఎక్కువగా ఉండేవాళ్లలో తలనొప్పి తరచుగా మొదటి, రెండో రోజు వస్తుంది, ఈస్ట్రోజన్ దిగుడు మూలంగా వచ్చేవాళ్లలో అంతకన్నా ముందే మొదలవుతుంది.

ఇది ఊహించి చెప్పిన విషయం కాదు. 1972లో సోమర్‌విల్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ నెలసరి మైగ్రేన్ ఉన్న కొద్దిమంది ఆడవాళ్లకి పీరియడ్‌కి ముందు ఈస్ట్రోజన్ ఇంజెక్షన్ ఇచ్చి చూశాడు. పీరియడ్ తన టైముకి వచ్చేసింది, తలనొప్పి మాత్రం ఆ ఇంజెక్షన్ ప్రభావం తగ్గేదాకా ఆగి, ఆలస్యంగా వచ్చింది. నెలసరిని నడిపే ఇంకో హార్మోన్ ప్రొజెస్టరాన్ ఇచ్చినప్పుడు దీనికి తిరగబడింది: పీరియడ్ ఆలస్యమైంది, తలనొప్పి ఎప్పటిలాగే వచ్చింది. అంటే నొప్పి బ్లీడింగ్‌ని చూసి రావడం లేదు, ఈస్ట్రోజన్ దిగడాన్ని చూసి వస్తోంది. ఇంకో సంగతి కూడా ఆయన పనిలోనే తేలింది, కొన్ని రోజులు ఎక్కువగా ఉండి ఆ తర్వాత పడిపోతేనే నొప్పి వస్తుందని. అందుకే అండం విడుదలైన సమయంలో వచ్చే చిన్న తగ్గుదలకి చాలామందికి ఏమీ కాదు.

చిన్నప్పుడు ఆడపిల్లల్లోనూ మగపిల్లల్లోనూ మైగ్రేన్ ఇంచుమించు సమానంగానే ఉంటుంది. రజస్వల అయ్యే వయసు దాటాక లెక్క మారిపోయి ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ కనిపిస్తుంది. ఎక్కడో విదేశాల లెక్క అనుకోనక్కర్లేదు. మన బెంగళూరు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ (మెదడు, మానసిక జబ్బుల పెద్దాసుపత్రి) వాళ్లు ఈ ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంటింటికీ తిరిగి 2,329 మందిని అడిగి చేసిన సర్వే 2015లో అచ్చయింది. ఏడాదిలో ఒక్కసారైనా మైగ్రేన్ వచ్చినవాళ్లు నూటికి పాతిక మంది, ఆడవాళ్లలో ఆ అవకాశం మగవాళ్లకన్నా రెండు రెట్లు. నన్ను ఆపి ఆలోచింపజేసిన సంగతి ఇంకోటుంది, పట్నం కన్నా పల్లెల్లోనే మైగ్రేన్ ఎక్కువగా కనిపించింది. సిల్క్ బోర్డు ట్రాఫిక్, రాత్రి పదింటికి క్లయింట్ కాల్స్, ఏసీ ఆఫీసు, ఇవి నొప్పిని రేపుతాయి నిజమే, కానీ అసలు కారణం ఈ ఊరి జీవితమే అని సరిపెట్టుకోవడానికి ఆ సర్వే ఒప్పుకోదు.

డాక్టర్లు నెలసరి మైగ్రేన్ అని పేరు పెట్టడానికి కొన్ని రోజుల హద్దు పెట్టుకున్నారు. బ్లీడింగ్ మొదలైన రోజుని ఒకటో రోజు అనుకుంటే, దానికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు దాకా, మొత్తం ఐదు రోజులు. వరసగా మూడు నెలల్లో కనీసం రెండుసార్లు నొప్పి ఈ ఐదు రోజుల్లో వస్తే అది నెలసరికి సంబంధించినదే. మిగతా రోజుల్లో కూడా అప్పుడప్పుడూ రావొచ్చు, చాలామందికి అలాగే వస్తుంది. కేవలం ఆ ఐదు రోజుల్లోనే వచ్చేవాళ్లు తక్కువ. మైగ్రేన్ ఉన్న ఆడవాళ్లలో సగానికి పైగా నెలసరికీ నొప్పికీ ముడి ఉందని చెబుతారు, ఆ రోజుల్లో వచ్చే నొప్పి మామూలు రోజులకన్నా ఎక్కువసేపు ఉంటుంది, మాత్రకి తొందరగా లొంగదు, తగ్గిందనుకుంటే మర్నాడు మళ్లీ లేస్తుంది.

ఈ ఐదు రోజుల సంగతి తెలియకపోవడం వల్ల మన ఇళ్లలో నింద వేరేవాటి మీద పడుతుంది. మొదటిది తలస్నానం. నెలసరికి తలంటుకోవడం చాలా తెలుగు ఇళ్లలో ఇప్పటికీ ఉంది, మారతహళ్ళి అపార్ట్‌మెంట్‌లో ఉన్నా ఊళ్లో అత్తగారు ఫోన్‌లో అడుగుతారు తలంటుకున్నావా అని. మొదటి రోజు ఒకసారి, మూడో రోజో నాలుగో రోజో ఇంకోసారి. తడి జుట్టుతో వంట, ఆ వెంటనే ఆఫీసు క్యాబ్, సాయంత్రానికి కణతలు పట్టేస్తాయి, "తలస్నానం పడలేదు" అంటాం. అది అబద్ధం కాదు. తలస్నానంతో మైగ్రేన్ రేగడం మన దేశపు డాక్టర్లు ప్రత్యేకంగా గమనించి రాసిన విషయం, 94 మంది భారతీయ రోగుల గురించి 2006లో ఒక పరిశోధనా పత్రం కూడా వచ్చింది. అయితే అదే తలస్నానం నెల మధ్యలో ఆదివారం చేస్తే ఏమీ కాకుండా, నెలసరి రోజుల్లో చేస్తేనే నొప్పి వస్తోందంటే, నీళ్లతో పాటు ఈస్ట్రోజన్ దిగుడు కూడా లెక్కలోకి రావాలి. ఆ రోజుల్లో మెదడు తట్టుకునే హద్దు తగ్గి ఉంటుంది, మామూలుగా ఏమీ చేయని విషయం అప్పుడు చాలవుతుంది. కార్తీక సోమవారం ఉపవాసమైనా, మధ్యాహ్నం మూడింటిదాకా మీటింగుల్లో పడి తినకపోయినా, రాత్రి నిద్ర చెడినా ఇదే లెక్క. కాబట్టి ఆ ఐదు రోజులూ ఏది మానగలిగితే అది మానండి, తలస్నానం ఒక రోజు వాయిదా వేస్తే ఏ దేవుడూ తప్పు పట్టడని నా నమ్మకం. మానలేకపోతే గోరువెచ్చని నీళ్లు, పూర్తిగా ఆరబెట్టుకోవడం, అంతకుముందే కాస్త తినడం.

రెండో నింద సైనస్ మీద. బెంగళూరులో ఇది మరీ ఎక్కువ, చలి, దుమ్ము, పుప్పొడి ఉన్న ఊరు కాబట్టి ఎవరి తలనొప్పికైనా సైనస్ అనే పేరు సిద్ధంగా ఉంటుంది. మైగ్రేన్‌లో కూడా ముక్కు కారుతుంది, కళ్లలో నీళ్లొస్తాయి, చెంపల దగ్గర బరువుగా ఉంటుంది. తమకు తామే సైనస్ తలనొప్పి అని తేల్చుకున్నవాళ్లని సరిగ్గా పరీక్షిస్తే ఎక్కువ మందిలో మైగ్రేనే బయటపడింది. చీము లాంటి చిక్కటి చీమిడి, జ్వరం లేకుండా నెలకోసారి వచ్చే సైనస్‌ని నేనైతే అనుమానిస్తాను.

ఇక చేయాల్సిన పని. ఖర్చులేని, అన్నింటికన్నా పనికొచ్చే టెస్టు ఒకటుంది, పీరియడ్ తేదీలూ తలనొప్పి తేదీలూ ఒకే చోట రాసుకోవడం. మన కష్టం ఏంటంటే పీరియడ్ సంగతి గైనకాలజిస్టుకి చెబుతాం, తలనొప్పి సంగతి న్యూరాలజిస్టుకో కింద మెడికల్ షాపతనికో చెబుతాం, రెండూ కలిపి చూసేవాళ్లు ఉండరు. మూడు నెలలు గోడ క్యాలెండర్ మీద రాసినా చాలు, ఏ రోజు మొదలైంది, ఎన్ని గంటలుంది, ఏ మాత్ర ఎన్ని వేసుకున్నారు. ఆ కాగితం చూపిస్తే మాట అక్కడి నుంచి మొదలవుతుంది.

నొప్పికి మాత్ర వేసుకునేవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఓర్చుకుని ఓర్చుకుని చివరికి వేసుకోవడం. మైగ్రేన్‌లో కడుపు కదలిక మందగిస్తుంది, ఆలస్యంగా మింగిన మాత్ర సరిగ్గా ఒంటికి పట్టదు. నొప్పి తేలికగా ఉన్నప్పుడే వేసుకోవాలి. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ సరిపోతే మంచిదే, సరిపోకపోతే సుమాట్రిప్టాన్, రిజాట్రిప్టాన్ లాంటివి మైగ్రేన్ కోసమే చేసిన మందులు, డాక్టరు రాయాలి, గుండెజబ్బు, పక్షవాతం, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకి పనికిరావు. ప్రతి నెలా తేదీ తప్పకుండా పీరియడ్ వచ్చేవాళ్లకి ఇంకో దారి ఉంది, చాలామందికి ఎవరూ చెప్పని దారి: నొప్పి రాకముందే, అంటే డేట్‌కి రెండు రోజుల ముందు నుంచి ఐదారు రోజులపాటు, రోజుకి రెండు పూటలా నాప్రోక్సెన్ లాంటిదో, ఎక్కువసేపు పనిచేసే ట్రిప్టాన్ ఏదైనానో డాక్టరు చెప్పిన మోతాదులో వాడటం. కడుపునొప్పికి కూడా అదే నాప్రోక్సెన్ పనిచేస్తుంది కాబట్టి రెండు బాధలూ ఒకేసారి తగ్గుతాయి. అల్సర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లకూడదు. పీసీఓఎస్ (పీరియడ్స్ తేదీలు తప్పించే అండాశయాల సమస్య) ఉండి డేట్ ఎప్పుడొస్తుందో తెలియనివాళ్లకి ఈ పద్ధతి కుదరదు, వాళ్లకి రోజూ వేసుకునే నివారణ మందులే గతి. ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్, ఇలా చాలా ఉన్నాయి, సీజీఆర్‌పీని అడ్డుకునే కొత్త ఇంజెక్షన్లు కూడా ఇప్పుడు మన దేశంలో దొరుకుతున్నాయి కానీ ఖరీదు ఎక్కువ. పిల్లలు కావాలనుకుంటున్నవాళ్లు ఒక్క మాట గుర్తుపెట్టుకుని అడగండి, మైగ్రేన్‌కి రాసే వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తాయి.

మాత్రల లెక్క కూడా రాసుకోమన్నది ఇందుకే: నెలలో పది రోజులకి మించి ట్రిప్టాన్లు గానీ, సారిడాన్, వాసోగ్రెయిన్ లాంటి కలగలుపు మాత్రలు గానీ, పదిహేను రోజులకి మించి మామూలు నొప్పి మాత్రలు గానీ నెలల తరబడి వేసుకుంటే ఆ మాత్రలే కొత్త తలనొప్పిని పుట్టిస్తాయి. నెలకి ఐదు రోజులుండే బాధ అలా నెలంతా పరుచుకుంటుంది.

గర్భనిరోధక మాత్రల గురించి కాస్త ఆగి చెప్పాలి, ఇక్కడ పొరపాటు జరిగితే తలనొప్పితో పోదు. కొందరికి మైగ్రేన్ ముందు కంటి ముందర మెరుపులు, వంకరటింకర గీతలు, ఒక పక్క చూపులో ఖాళీ కనిపిస్తాయి, లేదా చేతి వేళ్ల నుంచి ముఖం దాకా తిమ్మిరి పాకుతుంది, మాట తడబడుతుంది, ఐదు నిమిషాల నుంచి గంట దాకా ఉండి పోతుంది. దీన్ని ఆరా అంటారు. ఆరాతో మైగ్రేన్ ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది, మెదడులో రక్తం గడ్డకట్టి స్ట్రోక్ వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి. వయసులో ఉన్నవాళ్లకి స్ట్రోక్ అరుదే, కానీ వేరే మాత్రలు ఉండగా ఆ ప్రమాదం ఎందుకు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే మాలా-ఎన్‌లో ఈస్ట్రోజన్ ఉంది. ఛాయాలో హార్మోన్ లేదు, ప్రొజెస్టరాన్ రకం మాత్రమే ఉన్న మాత్రలూ వేరేగా ఉన్నాయి. ఆరా లేనివాళ్లలో కూడా 35 దాటాక ఆలోచించాల్సిందే. మాలా-ఎన్ వేసుకునేవాళ్లు ఇంకో సంగతి గమనించే ఉంటారు, 21 తెల్ల మాత్రలు అయిపోయి ఇనుము మాత్రలు మొదలయ్యాక తలనొప్పి. ఆ ఏడు మాత్రల్లో హార్మోన్ లేదు, ఒంట్లో ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. అదే కథ మళ్లీ.

వ్రతం ఉందనో, పెళ్లి ఉందనో, తిరుపతి ప్రయాణం ఉందనో పీరియడ్ వాయిదా వేయడానికి వేసుకునే మాత్ర ఉంది కదా, నోర్‌ఎథిస్టెరాన్, దాన్ని మన ఇళ్లలో డాక్టరు చీటీ లేకుండానే కొనుక్కొస్తారు, పిన్ని వేసుకుందని అమ్మాయి కూడా వేసుకుంటుంది. ఇందులో ఈస్ట్రోజన్ లేదు నిజమే, కానీ వాయిదాకి వాడే మోతాదులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారుతుంది. ఆరా ఉన్నవాళ్లు, ఇంతకుముందు రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. ఇంకోటి, పీరియడ్ వాయిదా పడినంత మాత్రాన తలనొప్పి వాయిదా పడుతుందని లేదు, సోమర్‌విల్ చూసింది అదే.

2025 అక్టోబరులో కర్ణాటక మంత్రివర్గం నెలకొక రోజు జీతంతో నెలసరి సెలవుకి ఆమోదం తెలిపినప్పుడు మా వాళ్లందరం సంతోషించాం. మాటలన్నీ కడుపునొప్పి చుట్టూనే తిరిగాయి. బ్లీడింగ్ ఇంకా మొదలవకుండానే చీకటి గదిలో పడుకోవాల్సి వచ్చే మనిషికి కూడా ఆ సెలవు అంతే అవసరమని ఆఫీసుల్లో చెప్పాల్సి ఉంది.

కడుపుతో ఉన్నప్పుడు చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. మూడో నెల దాటాక ఈస్ట్రోజన్ ఎక్కువగా, నిలకడగా ఉంటుంది, సగం మందికి పైగా మైగ్రేన్ తగ్గుతుంది. నొప్పి వస్తే పారాసిటమాలే మొదటి మాట, ఎర్గోటమిన్ ఉన్న వాసోగ్రెయిన్ ముట్టుకోకూడదు. ఐదో నెల తర్వాత కొత్తగా గట్టి తలనొప్పి, కళ్లు మసకబారడం ఉంటే మైగ్రేనే అనుకుని పడుకోకండి, బీపీ చూపించుకోవాలి, అది ప్రీఎక్లాంప్సియా, అంటే కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగే ప్రమాదకరమైన జబ్బు కావచ్చు. కాన్పయ్యాక ఈస్ట్రోజన్ రోజుల్లో పడిపోతుంది, నిద్ర ఉండదు, నొప్పి తిరిగి వస్తుంది. ఇక్కడ బాలింత పథ్యం గురించి ఒక మాట. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందనీ బిడ్డకి జలుబు చేస్తుందనీ గుక్కెడు గుక్కెడుగా ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కాన్పు తర్వాతి వారాల్లో రక్తం చిక్కబడి మెదడు సిరల్లో గడ్డకట్టే జబ్బుని మన దేశపు న్యూరాలజిస్టులు ఎన్నో ఏళ్లుగా చూస్తున్నారు, ఒంట్లో నీరు తగ్గడం దానికి ఒక కారణం. అమ్మలూ అత్తలూ ప్రేమతోనే చేస్తారు, అయినా బాలింతకి దాహం తీరా నీళ్లివ్వండి. రోజురోజుకీ పెరిగే తలనొప్పి, ఫిట్స్, ఒక పక్క బలహీనత కనిపిస్తే అదే రోజు పెద్దాసుపత్రికి.

నలభై దాటాక, పీరియడ్స్ ఆగే ముందు కొన్నేళ్లు చాలామందికి అన్నింటికన్నా కష్టమైన కాలం. ఈస్ట్రోజన్ ఒక నెల బాగా ఎక్కువ, ఇంకో నెల బాగా తక్కువ, ఎగుడుదిగుడుగా నడుస్తుంది, దాంతో తలనొప్పి కూడా తేదీ లేకుండా వస్తుంది. పూర్తిగా ఆగిపోయాక, మెల్లగా, ఎక్కువమందికి తగ్గుతుంది. హార్మోన్ చికిత్స అవసరమైనవాళ్లకి మాత్రలకన్నా చర్మం మీద వాడే ప్యాచ్, జెల్ మంచివంటారు, స్థాయి నిలకడగా ఉంటుంది కాబట్టి.

ఈ వయసులోనే మన ఊళ్లలో వినిపించే సలహా, గర్భసంచి తీయించేసుకుంటే పోతుంది కదా అని. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. గర్భసంచి తీయడానికి సరైన కారణాలు వేరే ఉన్నాయి, తలనొప్పి మాత్రం వాటిలో ఒకటి కాదు. అండాశయాలతో సహా తీసేస్తే ఏళ్లు పట్టాల్సిన దిగుడు ఒక్క రోజులో జరిగిపోతుంది, మైగ్రేన్ చాలామందికి ఇంకా ముదురుతుంది. అండాశయాలు ఉంచి గర్భసంచి ఒక్కటే తీస్తే ఈస్ట్రోజన్ నెలనెలా పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటుంది, తలనొప్పీ వస్తూనే ఉండొచ్చు, బ్లీడింగ్ లేదు కాబట్టి దేనివల్ల వస్తోందో ఎవరికీ తట్టదు. అలాంటివాళ్లు తలనొప్పి తేదీలొక్కటే రాసుకున్నా సరిపోతుంది, నాలుగు వారాలకోసారి గుంపుగా వస్తున్నాయేమో మూడు నాలుగు నెలల్లో కనిపిస్తుంది.